బతికారు కాబట్టి అత్యవసరం కాదట

రాజోలు దగ్గర ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ ఆరోగ్య పథకం కింద నా జీతంలోంచి నెలనెలా కోత పడేది. కష్టకాలంలో అక్కరకొస్తుందన్న ధీమాతో దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

ఒక ఉదయం పెరట్లో కొబ్బరి దింపు తీయిస్తూ మా ఆయన గుండె పట్టుకుని కూలబడ్డారు. మా మరిది కారులో అమలాపురం తీసుకెళ్లాం. అక్కడి ప్రైవేటు ఆసుపత్రి డాక్టరుగారు ఈసీజీ చూసి, "పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రంటే కాకినాడ వెళ్లాలండి. అంతదూరం వెళ్లేదాకా ఈయన ప్రాణం ఆగదు. ఇక్కడే స్టెంటు వేసేయమంటారా?" అన్నారు.

"వేసేయండి" అన్నాను. ఇంకేమనాలి?

ఆయన బతికారు. బిల్లులు జతచేసి దరఖాస్తు పెడితే, ఆ ఆసుపత్రి జాబితాలో లేదు కాబట్టి డబ్బు ఇవ్వడం కుదరదన్నారు. ఆ పథకం ఆఫీసుకి వెళ్లి గుమాస్తాను అడిగాను.

"ముందుగా పర్మిషన్ తీసుకోవాలండి, టీచరుగారూ."

"గుండెపోటుకి ముందుగా పర్మిషన్ ఎలా తీసుకుంటారండీ?"

"రూలు అలా ఉందండి మరి."

కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు. మాటలో మర్యాదకు లోటు లేదు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ మండించింది.

మేం పెట్టుకున్న వకీలుగారు ఆ నిబంధనలు తిరగేస్తే, ప్రాణాపాయంలో జాబితా బయటి ఆసుపత్రికి వెళ్లవచ్చన్న మాట అందులోనే ఉంది. హైకోర్టుకి వెళ్లాం. విచారణ రోజున ప్రభుత్వ వకీలు లేచి, రోగి కోలుకుని ఇక్కడే కూర్చున్నారు కాబట్టి ప్రాణాపాయం ఉందనుకోలేమని వాదించాడు.

మా ఆయన నావైపు వంగి, "నేను పోయుంటే ఒప్పుకునేవారేమోనే" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

న్యాయమూర్తి ఒకటే అడిగారు. "రోగి పరిస్థితి తేల్చాల్సింది డాక్టరా, మీ కార్యాలయమా?"

జాబితా ఉన్నది చెల్లింపుల సౌకర్యం కోసమేననీ, ప్రాణం మీదికొచ్చినప్పుడు వైద్యాన్ని అడ్డుకోవడానికి కాదనీ, పథకం రేట్ల ప్రకారం చెల్లించాల్సిందేననీ తీర్పు చెప్పారు. తీర్పు వచ్చాక కూడా మా వకీలుగారు నోటీసు పంపిస్తే గానీ ఆ డబ్బు కదల్లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. తర్వాత మా బడిలోనే పనిచేసే టీచరమ్మ భర్తకి పక్షవాతం వచ్చింది. ఆమె కూడా ఆయన్ని అమలాపురంలో ఆ ఆసుపత్రిలోనే చేర్పించింది. ఆమె దరఖాస్తుకీ అదే జవాబు. నా తీర్పు నకలు పట్టుకుని ఆమెతో ఆ ఆఫీసుకే వెళ్లాను.

గుమాస్తా దాన్ని ఓపిగ్గా చదివాడు. "ఆయ్, మంచి తీర్పేనండి. కానీ ఇది మీకిచ్చేరు కదండీ. ఈవిడ పేరు లేదు. ఈవిడా కోర్టుకెళ్లి తెచ్చుకుంటే అలాగే ఇస్తామండి."

"రూలు అందరికీ, దాని అర్థం మాత్రం నా ఒక్కదానికా?"

"పైనుంచి ఆర్డరు రావాలండి" అని తలదించుకున్నాడు.

అంటే ప్రతి ఇంటివాళ్లూ రోగిని మంచం మీద వదిలేసి విడివిడిగా కోర్టు మెట్లెక్కాలి. అంత ఓపిక లేనివాళ్లు నోరు మూసుకుంటారని వాళ్లకి తెలుసు.

బయట ఆమె కళ్లొత్తుకుంటూ, "పోనీలెండి అక్కా, మనవల్ల కాదు" అంది.

"పోనివ్వను" అన్నాను. నా గొంతు నాకే కరుకుగా వినిపించింది. అక్కడే ఆటో ఎక్కించి ఆమెను మా వకీలుగారి దగ్గరికి తీసుకెళ్లి వకాలతు మీద సంతకం పెట్టించాను.

ఆమె కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాకి ఆమెతోపాటు నేనూ వెళుతున్నాను.