నాయన పాదం కొలత

మా ముత్తాత బద్వేలు తాలూకాలో పన్నెండు ఊళ్లకు కావలి పెత్తనం చేసినవాడు. మా తాత శిస్తు జమాబందికి వెళితే తాలూకా కచేరీలో కుర్చీ వేసేవారు. నాయన నాటికి కుర్చీ లేదు. నడక మాత్రం అదే.

నలభై దాటాక నాయన ముక్కు, పెదవులు దళసరి అయ్యాయి. దవడ ముందుకొచ్చింది, గొంతు బొంగురుపోయింది. వసారాలోని తాత పటం చూసి, "అంతా పెద్దాయన పోలికే" అనేది అమ్మ. నేనూ అన్నాను. ఉంగరం బిగుసుకుపోతే కంసాలి చేత కోయించాము.

పక్కనుంచి ఎవరైనా దండం పెడితే నాయన తిరిగి చూసేవాడు కాదు. ఊళ్లో గర్వమన్నారు. మాకది తప్పుగా తోచలేదు. తనకు తలనొప్పి వస్తున్న సంగతి ఆయన అప్పట్లో ఎవరికీ చెప్పలేదు.

ఏటా చెప్పులు కుట్టే ముసలాయన కిందటేటి కొలత తోలు పరిచి, దానిమీద నాయన చేత కాలు పెట్టించాడు. పాదం గీత దాటింది.

"సామీ, ఈ వయసులో యాడన్నా పాదాలు పెరుగుతాయా? మూడేండ్లుగా కొలత పెంచుతానే ఉండా."

"నీ కత్తి మొద్దుబారింది, పో."

"కత్తి బాగుండాది సామీ. నీ కాలే నిలకడగా లేదు."

ఆ మాట నా మనసులో పడి, ఆ వారమే నాయనను కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయాను. అది రాజధానిగా ఉన్న రోజులు. డాక్టరు పాత ఫోటో అడిగితే, పోలిక చూపడానికి వెంట తెచ్చిన తాత పటం ఇచ్చాను.

"మీ తాత ఎందుకప్పా? ఈయన పెండ్లినాటిది ఉండాదా?"

అది తెప్పించి, ముఖం పక్కన పట్టుకుని చాలాసేపు చూశాడు. తరువాత నాయనను తన ముక్కువైపే చూడమని, రెండు పక్కలా వేళ్లు ఆడించాడు. నాయనకు ఏ వేలూ కనిపించలేదు. తల ఎక్స్‌రేలో మెదడు కింద ఎముక గుంత వెడల్పయి ఉంది.

"ఆ గుంతలో సెనగగింజంత గ్రంథి ఉంటుంది. దాంట్లో గడ్డ లేచి, ఒళ్లు పెంచే రసం ఎక్కువ వదులుతాండాది. ఆ గడ్డే చూపు నరాలను నొక్కుతాండాది. రెండేండ్ల ముందర వచ్చింటే పక్కచూపు దక్కేది. మద్రాసులో ఆ గడ్డకు ఎక్స్‌రే కిరణాల కరెంటు పెట్టిస్తే మిగిలిన చూపన్నా నిలవచ్చు."

తిరుగు బస్సులో నాయన అడిగాడు: "దండం పెట్టినోళ్లు ఎవరెవరు?"

గుర్తున్నవాళ్ల పేర్లు చెప్పాను.

మద్రాసు వైద్యంతో ఎదుటి చూపు నిలిచింది. దానికోసం వంక పక్క నల్లరేగడి చేను, రెండు జతల ఎద్దులు అమ్మేశాము.