ఒంటిపూట సెలవు

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమెను అందరూ సేఫ్టీ అక్క అంటారు. పేరుకు పెద్ద పదవే. పని మాత్రం ఒక్కటే: ఎవరికి దెబ్బ తగిలినా, తగలబోయి తప్పినా కాగితం మీద రాయించడం. అది రాయించేసరికి ఆవిడ ప్రాణం తోకకొచ్చేది.

"మొన్న చెయ్యి తెగిందటగా?"

"గీసుకుంది లెండక్కా. దానికో కాగితమా!"

బతిమాలింది, కసిరింది, గొంతు పోయేలా అరిచింది. గోడకు చెప్పుకున్నా నయమే! చివరికి విసిగిపోయి ఒక ఉపాయం కనిపెట్టింది. ఏ నెలలో ఒక్క దెబ్బా లేకపోతే ఆ నెలాఖరున అందరికీ ఒంటిపూట సెలవు. మేనేజరు మెచ్చుకున్నాడు. ఏడాదిన్నరగా ఒక్క నెలా తప్పకుండా సెలవే. రోజంతా సలసల కాగే నీళ్లు, పొగలు కక్కే ఇస్త్రీ రోలర్ల మధ్య అరవై మంది పనిచేసే చోట ఒక్కరికీ చిటికెన వేలైనా చురుక్కుమనలేదంటే అనుమానం రావద్దూ? రాలేదు మహాతల్లికి.

ఆ శనివారం పొద్దున, అదే లాండ్రీలో ఇస్త్రీ దగ్గర పనిచేసే చెల్లెలు దువ్వెన పట్టుకొచ్చి, "అక్కా, కాస్త జడ వెయ్యవే" అంది. పదేళ్ల వయసు నుంచీ తన జడ తానే వేసుకునే మనిషి! అక్క ఆ కుడిచేతిని గుంజి చూసింది. రెండు వేళ్లకు గుడ్డ చుట్టి ఉంది. విప్పితే చర్మం ఊడి వస్తోంది.

"ఎప్పుడే ఇది?"

"మంగళవారం. రోలరు దుప్పటితో పాటు వేళ్లనీ లాగేసింది. ఆపే బటన్ నొక్కినా ఆగదుగా అది."

"ఆగదుగా అని ఎంత తీరిగ్గా చెప్తున్నావే! నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"నీకు చెప్తే రాస్తావు. రాస్తే సెలవు పోతుంది. ప్యాకింగ్ వదిన ఆ పూటే వాళ్లమ్మని డాక్టరుకి చూపించుకుంటుంది. నా రెండు వేళ్ల కోసం అందరి ఉసురూ పోసుకోనా?"

డాక్టరు చూసి, నాలుగు రోజులు ఆలస్యం చేశారన్నాడు. చూపుడు వేలు ఇక మునుపటిలా వంగదన్నాడు.

సేఫ్టీ అక్క అటునుంచి అటే లాండ్రీకి వెళ్లింది. రోలరుకు కరెంటు తీయించింది. మేనేజరు లబోదిబోమన్నా లెక్కచేయలేదు. అందరినీ పిలిచి, "సెలవు ఎక్కడికీ పోదు, దెబ్బ తగిలినా ఇస్తాం. దానికి పూచీ నాది. ఇప్పుడైనా చెప్పి చావండి, ఈ రోలరు ఇంకెవరిని కాల్చింది?" అంది.

ఒక్కొక్కరే చేతులు చాపారు. మొత్తం తొమ్మిది మంది. అందరిలోకీ పాత మచ్చ దుప్పట్లు మడతపెట్టే పిన్నిది.

"ఏడాదిన్నర క్రితం కాలిందా! అప్పుడే ఒక్క ముక్క రాసిస్తే నా చెల్లెలి వేలు దక్కేది కదా పిన్నీ!"

పిన్ని నొచ్చుకోలేదు.

"రాశానమ్మా. నీ చేతికిద్దామనే వచ్చాను. అప్పుడే నువ్వు స్టూలెక్కి సెలవు సంగతి చెప్తున్నావు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నేనూ కాగితం జేబులో పెట్టుకుని చప్పట్లు కొట్టాను."