నలభై అంకెలు బతికిన బ్రౌజరు

దుమ్ముగూడెంలో మా దుకాణాన్ని అందరూ జిరాక్సు సెంటరు అనేవారు. అందులో ఒక జిరాక్సు మిషను, ఒక ఫోను, ఆ ఫోను తీగ మీదే నడిచే నెట్టుతో ఒక కంప్యూటరు ఉండేవి. ఎవరైనా ఫోను ఎత్తితే నెట్టు తెగిపోయేది. ఈ ఒక్క సంగతి మీద నాకూ మా ఆవిడకూ వారానికి సగటున మూడు తగాదాలు. సగటు అని ఊరికే అనడం లేదు. ఒక నెలపాటు రాసి చూశాను.

రాసి చూసే అలవాటు బీడీలు చుట్టే తునికాకు కల్లంలో అబ్బింది. చదువు ఏడో తరగతితో ఆగింది కానీ, యాభై ఆకుల కట్టలు వరసలుగా ఆరబోసి ఉంటే అటు నుంచి ఇటు ఒకసారి నడిచి ఎన్ని కట్టలో చెప్పేవాణ్ణి. కంప్యూటరు కూడా అలాగే నేర్చుకున్నాను, ఏది నొక్కితే ఏమైందో నోటుబుక్కులో రాసుకుంటూ.

ఆ రోజు పొద్దున బ్రౌజరు కొత్త వెర్షను వేసుకోమని అడిగింది. అది దిగే వేగం చూసి, మొత్తానికి రెండు గంటల పది నిమిషాలు పడుతుందని తేల్చాను. తొమ్మిదిన్నరకు మొదలైంది కాబట్టి పదకొండు నలభైకి అయిపోవాలి. గోడ మీది కాగితం ప్రకారం కరెంటు కోత పన్నెండుకు. ఇంకా ఇరవై నిమిషాలు మిగులు.

పదకొండింటికే కరెంటు పోయింది. యూపీఎస్ నాలుగు నిమిషాలు కుయ్యోమని మూలిగి చల్లబడింది. అప్పటికి డెబ్బై రెండు శాతం దిగింది.

ఒంటి గంటకు కరెంటు వచ్చాక బ్రౌజరు తెరిచాను. తెరుచుకుంది, కాసేపటికి దానంతటదే మూసుకుపోయింది. జరిగినదానికి విచారిస్తున్నామనీ, ఫిర్యాదు పంపుతారా అనీ ఇంగ్లీషులో ఒక ముక్క కనిపించింది. అంత మర్యాదగా అడిగారు కదా అని పంపాను. ఆ రోజు మొత్తం ఇరవై మూడు పంపాను, ఒక్కదానికీ జవాబు రాలేదు. మండలాఫీసులో కనీసం అర్జీ ముట్టినట్టు ముద్ర వేసిస్తారు.

రెండున్నరకు అంగన్‌వాడీ టీచరు వచ్చింది. పక్క గూడెం అమ్మాయి. పదకొండేళ్లుగా పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి పెడుతూనే, దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి సూపర్‌వైజరు పరీక్షకు దరఖాస్తు పెట్టుకుంది. వయసు పరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం. హాల్‌టికెట్టు పోస్టులో రాదు, నెట్టులోనే తీసుకోవాలి. ఆ సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది.

"ఏందన్నా, దాని మొఖం గట్ల చూస్తున్నవ్? అయితదా, కాదా?"

"అయితదమ్మా. పది నిమిషాలు."

అన్నానే గానీ లోపల ఇంకో లెక్క వేసుకున్నాను. ఆటో నిండి, కదిలి, భద్రాచలం చేరడానికి గంట. అక్కడ నెట్టు సెంటరులో వంతు రావడానికి నలభై నిమిషాలు. అంటే ఎంత ఆలస్యమైనా మూడు ఇరవైకి ఆమె ఇక్కడ నుంచి కదలాలి. నోటుబుక్కులో పైన 3.20 అని రాసి, చుట్టూ సున్నా చుట్టాను.

బ్రౌజరు తెరిచిన దగ్గర నుంచి అంకెలు లెక్కపెట్టాను. నలభైకి మూసుకుపోయింది. మళ్లీ తెరిచాను. మళ్లీ నలభైకే. హాల్‌టికెట్టు ఇచ్చే శాఖ పేజీ మొదట్లో మంత్రిగారి ఫొటో ఉంటుంది. అది పైనుంచి కిందికి గీతలు గీతలుగా దిగుతుంది. నలభై అయ్యేసరికి మంత్రిగారి నుదురు మాత్రమే వచ్చేది.

బయట సీట్లు నిండడం కోసం చూస్తున్న ఆటో డ్రైవరు లోపలికి తొంగిచూశాడు. "వేడెక్కింది అన్నా. నా బండి గిట్లనే ఆగితే తడిగుడ్డ ఏస్త."

తడిగుడ్డ వేయలేదు కానీ ఫ్యాను పెట్టి చూశాను. నలభై. ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది నా పద్ధతి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు. ఫ్యాను తీసి, ప్రింటరు తీగ పీకాను. నలభై. అది పెట్టి, వైరస్ మందు ఆపాను. నలభై.

"టీచరమ్మా! ఒక్క సీటే ఉన్నది. వస్తవా, పోవాల్నా?" బయటి నుంచి కేక.

ఆమె నా వైపు చూసింది. నేను ఏడో ప్రయోగంలో ఉన్నాను. తల ఎత్తకుండానే "పది నిమిషాలు" అన్నాను. ఆటో వెళ్లిపోయింది.

తల ఎత్తేసరికి మూడు యాభై. సున్నాలో కూర్చున్న 3.20 నన్నే చూస్తోంది. ఇప్పుడు బయల్దేరినా లాభం లేదు. ఆమె దరఖాస్తు రసీదును నాలుగు మడతలు చేసింది, తర్వాత ఎనిమిది చేసింది.

నాలుగూ ఐదుకు మళ్లీ తెరిచాను. ఈసారి ఇద్దరం పైకే లెక్కపెడుతున్నాం. "ముప్పై తొమ్మిది, నలభై..."

మూసుకుపోలేదు.

"నలభై ఒకటి," అంది ఆమె మెల్లగా, గట్టిగా అంటే అది ఎక్కడ బెదురుతుందోనన్నట్టు.

నలభై ఆరుకు వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ ఎప్పుడొచ్చిందో, ఫోను ఎత్తి ఏన్కూరులో ఉన్న వాళ్లక్కతో మాట్లాడుతోంది. నన్ను చూసి, "పెట్టేస్తున్నలే, మొత్తుకోకు," అంది.

"పెట్టకు! మాట్లాడు!"

మా ఆవిడ ఫోనులోకి చెప్పింది. "నన్ను మాట్లాడమంటున్నడక్కా. పానం బాగలేనట్టుంది."

అప్పుడు అర్థమైంది. నెట్టు కనబడగానే బ్రౌజరు పొద్దున సగంలో తెగిన వెర్షను మిగతా భాగం కోసం పరుగెత్తుతోంది, అక్కడ తట్టుకుని పడుతోంది. నెట్టు లేకపోతే పరుగెత్తడానికి దారి లేదు, అందుకే కుదురుగా కూర్చుంది. నెట్టు లేకుండా బ్రౌజరు తెరిచి చూడాలని ఎవరికి తోస్తుంది? ఇక తీరికగా మెనూలన్నీ వెతికాను. కొత్త వెర్షను కోసం తనంతట తానే చూసుకునే చోట ఒక టిక్కు ఉంది. అది వెతకడానికి పదకొండు నిమిషాలు పట్టింది.

"చెప్పనీకి ఇంకేం లేదయ్యా," అంది మా ఆవిడ మధ్యలో.

"కూర సంగతి చెప్పు." నిజానికి నెట్టు నేనే తెంపుకోవచ్చు. కానీ పని చేస్తున్నదాన్ని మార్చే ధైర్యం లేకపోయింది.

టిక్కు తీసేశాను. ఫోను పెట్టించి నెట్టు కలిపాను. మంత్రిగారి నుదురు, ముక్కు, మీసం. ఎనభై దగ్గర మెడ వచ్చింది. నాలుగూ నలభై ఒకటికి హాల్‌టికెట్టు ప్రింటరులోంచి బయటికి వచ్చింది. ఎందుకైనా మంచిదని రెండు కాపీలు తీశాను. ఆమె మడతలు పడిన రసీదు విప్పి, రెండు కాగితాల మీదా నంబరు సరిచూసుకుంది.

నేను కాస్త గర్వంగా కూర్చున్న ఆ సమయంలో మా ఆవిడ గోడ వైపు చూసింది. "ఏమయ్యా, ఈ కోత కాయితం పోయిన వారానిది కాదా? కొత్తది లైన్‌మన్ తెస్తే ఇరవై కాపీలు తీసిచ్చింది నువ్వేనాయె. పదకొండుకు అని పెద్దక్షరాలతోని ఉండె."

నిజమే. ఇరవై తీసి ఇరవై ఇచ్చేశాను. గోడకు ఇరవై ఒకటోది తీయలేదు.

టీచరు ముందు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక పైకే నవ్వింది. ఆ నవ్వు ఆపించాలని నోటుబుక్కు ముందుకు లాక్కున్నాను. "పరీక్ష ఆదివారం పది గంటలకు. మొదటి బస్సు ఐదుకు ఉంది. తొమ్మిది ఇరవైకల్లా ఖమ్మంలో దిగుతవ్. ఇంకా నలభై నిమిషాలు మిగులు..."

"వద్దన్నా," అంది హాల్‌టికెట్టు సంచిలో పెట్టుకుంటూ. "నేను శనివారమే పోయి మా చిన్నమ్మ ఇంట్ల పండుకుంట."