గట్టెక్కిన బర్రెకు తవుడు ముద్ద

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే మొండిది మా బర్రె. మాది సంగం పక్క పల్లె. మధ్యాహ్నం కాలువలో దిగిందంటే ముక్కూ కొమ్ములూ తప్ప ఏమీ కనిపించేవి కావు. పొద్దు వాలినా పైకొచ్చేది కాదు. దాన్ని తోలుకొచ్చే పని మా చిన్నాయనది. తోడుగా నేను పోయేదాన్ని. ఆయన గట్టు మీద నిలబడి గొంతు పోయేదాకా అరిచేవాడు. చివరికి దానికి దయపుట్టి పైకొస్తే, అప్పటిదాకా పట్టిన కోపమంతా కర్రతో దాని వీపు మీద తీర్చుకునేవాడు. మర్నాడు అది ఇంకా ఆలస్యం చేసేది. ఇంటి దగ్గర దూడ ఆకలికి అరుస్తుంటే నాకు ఏడుపొచ్చేది. ఇక లాభం లేదు, సంతకు తోలేద్దామన్నాడు మా నాయన.

ఆ మాట విని మా అవ్వ మాతో కాలువకొచ్చింది. తుమ్మచెట్టు నీడన కూర్చుని, వక్కాకు నములుతూ అంతా చూసింది. చిన్నాయన కర్ర ఎత్తగానే అడిగింది.

"ఎందుకు కొడతుండావురా?"

"ఇంతసేపు నీళ్లలోనే ఉండింది గదమ్మా!"

"నీళ్లలో ఉన్నంతసేపూ దానికి హాయి. గట్టెక్కినాక దెబ్బలు. గట్టెక్కడమే తప్పని నువ్వే నేర్పిస్తుండావు."

మర్నాడు అవ్వ కర్ర దాచేసింది. తవుడులో కాస్త బెల్లం కలిపి ముద్దలు చేసి నా పావడా ఒడిలో పోసింది. అది మనవైపు తల తిప్పితే మంచిమాట చెప్పు, ఒడ్డుకొస్తే ముద్ద పెట్టు, రాకపోతే ఊరుకో, తిట్టొద్దు అంది. మొదటిరోజు అది చెవులాడించింది, అంతే. చిన్నాయన పగలబడి నవ్వినాడు. తర్వాత్తర్వాత మెడ చాపింది. ఇంకొన్నాళ్లకు ఒడ్డు దాకా వచ్చి, గరుకు నాలుకతో నా చేయంతా నాకేసింది. చక్కిలిగింతకు నేను ఎగిరి గంతులేశాను.

ఒక సాయంత్రం సముద్రం వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. నేను ఒక్కసారి పిలిచానో లేదో, అది నీళ్లు చిమ్ముకుంటూ పరుగున వచ్చింది. ఆ వేగానికి భయపడి నేను ఇంటి దారి పట్టాను. నా ఒళ్లో ముద్దల కోసం అది నా వెనక, దాని వెనక చిన్నాయన! వీధిలో వాళ్లంతా అరుగుల మీద నిలబడి నవ్వారు. సంత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వానలో తడిసొచ్చిన చిన్నాయనకు అవ్వ వేడి గారెలు పెట్టింది. అప్పుడు తట్టింది నాకు, బర్రెను కొట్టని ప్రతిరోజూ ఆయనకు అవ్వ చేతి నుంచి తినడానికి ఏదో ఒకటి దొరుకుతూనే ఉందని. అవ్వ వైపు చూశాను. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. మార్కులు తగ్గాయనో, కోపంలో ఫోన్ విసిరి కొట్టాననో నా మనవరాలు తనంతట తానే వచ్చి చెబుతుంది. ముందు దగ్గరికి తీసుకుంటాను. మందలించేది ఉంటే తర్వాత. గారాబం చేస్తున్నానంటుంది మా కోడలు. కావచ్చు. కానీ రేపు ఇంతకంటే పెద్ద తప్పు జరిగినా, చెప్పుకోవడానికి ఆ పిల్ల కాళ్లు మా గడప వైపే నడవాలి.