సోమయ్య ఫొటో దిగనన్నడు

1988ల నేను మిర్యాలగూడ ఆబ్కారీ స్టేషన్ల ఎస్సైని. ఇల్లు సూర్యాపేటల, గీడ ఒక కిరాయి రూము, ముక్కు మీద కోపం. ఆబ్కారీ అనంగనే జనానికి సారాబట్టీలు పగలగొట్టుడే యాదికొస్తది. అది ఎప్పుడో ఒకనాటి ముచ్చట. రోజూ చేసేది కాగితాల పనే. చెట్టు ఎవడు గీయాలె, దుకాణం ఎవడు నడపాలె, గ్లాసుల ఎవడు పొయ్యాలె, అన్నిటికీ ఒక్కో కాగితం ఉంటది.

ఆఖరుది నౌకర్‌నామా. కల్లు డిపోల గానీ, సారా దుకాణంల గానీ, బార్ల గానీ తాగెటోనికి పోసి ఇచ్చే మనిషికి మేమిచ్చే పర్మిట్ అది. వయసు నిండి ఉండాలె, అంటురోగం ఉండొద్దు, మీద కేసులుండొద్దు. దుకాణమాయన సంతకం, పోసెటోని పాస్‌పోర్ట్ సైజు ఫొటో, దాని మీద సగం పడేటట్టు మా ముద్ర. నౌకర్‌నామా లేని మనిషి పోస్తుంటే చూసినమా, కేసు వానిమీద కాదు, దుకాణం మీద పడ్తది. లైసెన్సే పోవచ్చు. ‘పోసుడుకు గూడ పర్మిషనా!’ అని మా ఇంటామె ఇప్పటికీ నవ్వుతది.

గీత లైసెన్సు వేరు. అది చెట్టెక్కెటోనిది. కొత్తగా ఆ లైసెన్సు అడిగినోడు ఆబ్కారీ ఆఫీసరు ముంగట తాటిచెట్టు ఎక్కి చూపియ్యాలె. ఆఫీసరు కండ్లార చూసి, ఎక్కిండని రాసి సంతకం పెట్టాలె. మా దగ్గర ఒక్క మనిషికి రెండిట్ల ఒక్కటే. గీసెటోడు గీస్తడు, పోసెటోడు పోస్తడు.

త్రిపురారం దిక్కు ఒక ఊళ్లె గీత కార్మికుల సొసైటీ డిపో ఉండె. ఒకనాడు పొద్దుగాల తనిఖీకి పోయిన. వేపచెట్టు కింద జనం కూసోని తాటాకు రేకలు పట్టి తాగుతున్నరు. కుండ దగ్గర ఒక ముసలాయన. మనిషి ఎముకలగూడు, చేతులు మాత్రం గట్టియి. పక్కన ఊతకర్ర. ఒక్క చుక్క కింద పడకుండ పోస్తున్నడు.

‘నౌకర్‌నామా ఏది?’ అన్న.

‘లేదు సారూ’ అన్నడు, పొయ్యుడు ఆపకుండనే.

నాకు మండింది. సొసైటీ ప్రెసిడెంటు ఎంకన్న ఉరికొచ్చిండు. ‘సారూ, జర ఇనుండ్రి. ఈయన సోమయ్య. ఎండాకాలంల చెట్టు మీదికెల్లి పడ్డడు. తుంటి ఇరిగింది. నల్గొండ దవాఖానల మూడు నెలలున్నడు. ఇగ చెట్టు ఎక్కలేడని, గీడ పోసే పని ఇద్దామని మేమందరం అనుకున్నం. నౌకర్‌నామా కాగితం గూడ నింపిపెట్టిన. గీయన ఫొటో దిగడు సారూ!’

‘ఎందుకు దిగడు? ఫొటోల దయ్యం పడ్తదా?’

సోమయ్య అప్పుడు తల లేపి నా మొకం చూసిండు. ‘అది తీసుకుంటే నా గీత లైసెన్సు రద్దయితది గద సారూ. నా చెట్లు వేరేటోనికి పోతయ్.’

‘ఎక్కలేనోనికి చెట్లెందుకయ్యా?’

‘ఇయ్యాల ఎక్కలేను. ఎన్నడన్న ఎక్కుత.’

నేను అరిసిన. మీద చెయ్యి ఎయ్యలేదు గని, నోటికొచ్చింది అన్న. నీ ఒక్కని మొండితనానికి సొసైటీ లైసెన్సు పోతే ఊళ్లె ఉన్న గౌడోళ్లందరి నోట్లె మట్టి పడ్తది, నీకు సోయి ఉన్నదా అన్న. తాగెటోళ్లు రేకలు కింద పెట్టి చూస్తున్నరు. సోమయ్య కుండ మీద గుడ్డ కప్పి, కర్ర పట్టుకొని లేసి, మెల్లగ పోయి వేపచెట్టుకు ఆనుకొని నిలబడ్డడు.

కేసు రాయకుండ ఒక్క మాట చెప్పి వచ్చిన. లైసెన్సులు కొత్తగ రాసుకునే దినం దగ్గర పడ్డది. ఆలోపల సోమయ్య నౌకర్‌నామా తీసుకోవాలె, లేకపోతే డిపోల అడుగు పెట్టొద్దు. రెండూ లేకుంటే మొగుడు పెండ్లాం ఏం తిని బతుకుతరో వాళ్ల ఇష్టం.

వారంలనే సోమయ్య స్టేషన్‌కు వచ్చిండు. త్రిపురారం నుంచి బస్సెక్కి, ఆ తుంటితోని. ఎంబడి వాళ్ల ఇంటామె సాయమ్మ. నా టేబుల్ ముంగట కుర్చీ చూపెట్టిన, కూసోలేదు.

‘సారూ, నాకు పరీక్ష పెట్టుండ్రి’ అన్నడు.

‘ఏం పరీక్ష?’

‘కొత్త పోరగాళ్లకు పెడ్తరు గద, చెట్టెక్కే పరీక్ష. నాకు గూడ పెట్టుండ్రి. ఎక్కితే నా చెట్లు నాయి. ఎక్కకపోతే నువ్వు చెప్పినకాడ ఫొటో దిగుత.’

సాయమ్మ దిక్కు చూసిన, ఆమె అయినా వద్దంటదేమో అని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడ్డది. ‘నేను చెప్పి చూసిన సారూ’ అన్నది. ‘రాత్రిళ్లు నిద్రల కాళ్లు ఆడిస్తడు, చెట్టెక్కినట్టు. దుప్పటంత కిందికి తన్నుతడు. తెల్లారితే ఆకిట్ల నిలబడి ఆ చెట్ల దిక్కే చూస్తడు. అన్నం పెడితే చల్లారిందాక చూస్తడు. గిట్ల బతికేదానికన్న ఒక్కసారి తేల్చుకోనియ్యుండ్రి.’

సరే అన్న. ఎందుకన్ననో అప్పుడు నాకు గూడ తెల్వదు.

చెప్పిన దినం పొద్దుగాల జీపుల పోయిన. కాల్వ గట్టు పక్కన వరి పొలాలు, పొలాల నడుమ తాటిచెట్ల వరుస. సొసైటీ వాళ్లంత వచ్చిండ్రు. సోమయ్య మేనల్లుడు మల్లేశం కూడ ఉన్నడు. సోమయ్య వదిలితే చెట్లు ఎక్కేది వాడే. వాడు తల వంచుకొని, ‘మామా, వద్దు మామా. చెట్లు నీ పేరు మీదనే ఉండనియ్యి, గీసి నీకే ఇస్త’ అంటున్నడు. ‘చెట్టు ఎక్కనోనికి చెట్టేందిరా?’ అన్నడు సోమయ్య. డిపోల నేను అన్న మాటే అది.

సోమయ్య తన చెట్లల్ల ఒకటి పట్టుకున్నడు. కర్ర పక్కకు పెట్టిండు. మోకు, అంటే చెట్టును నడుమును కలిపి పట్టే తాడు, చుట్టూ తిప్పి ఏసుకున్నడు. కాళ్లకు తాడు ఎక్కించుకునేటప్పుడు వంగలేకపోయిండు. సాయమ్మ కింద కూసోని ఎక్కిచ్చింది. చెట్టుకు చెయ్యి ఆనిచ్చి కండ్లకద్దుకున్నడు. ఎక్కుడు షురూ చేసిండు.

మోకు పైకి జరుపుతడు, కాళ్లు లాక్కుంటడు. మంచి కాలు వస్తది, ఇరిగిన కాలు రాదు. దాన్ని చేతితోని పట్టి లాగుతడు. మనిషెత్తు పోయిండు. ఇంక జరంత పోయిండు. ఆడ ఆగిండు. కాలు గడగడ వణుకుతున్నది. అందరం తలలెత్తి చూస్తున్నం. ప్రెసిడెంటు నన్ను మోచేత్తోని పొడిచిండు, చాలు, దించమని సైగ చేసిండు.

అప్పుడు సాయమ్మ మా దిక్కు తిరిగింది.

‘అందరు అటు మళ్లుండ్రి’ అన్నది.

ఎవరూ కదల్లే.

‘మీకే చెప్తున్న. ఆయన చెట్టు మీద ఉన్నప్పుడు ఇంతమంది కింద నిలబడి ఎన్నడన్న చూసిన్రా? మళ్లుండ్రి!’ అని, నా దగ్గరికొచ్చి, ‘సారూ, నీకు దండం పెడ్త. నువ్వు గూడ’ అన్నది.

చూసుడే నా డ్యూటీ. చూడకుండ సంతకం పెడితే నౌకరీకే మోసం. అయినా తిరిగిన. నేను తిరిగినంక ప్రెసిడెంటు తిరిగిండు, మల్లేశం తిరిగిండు, అందరం కాల్వ దిక్కు మొకం పెట్టి నిలబడ్డం. వెనుక మోకు చెట్టుకు రాసుకునే చప్పుడు. కొంచెం సేపు వినిపించింది, ఆగింది. ఆగింది ఆగినట్టే ఉన్నది. కొంగలు పొలంల దిగుతున్నయ్, లేస్తున్నయ్. నాకు మెడ తిప్పాలని ఎంత మనసైందో చెప్పలేను. తిప్పలే. చాలాసేపటికి మళ్ల తాడు చప్పుడు, కాళ్లు నేలకు తగిలిన చప్పుడు.

సోమయ్య మా ముంగటికి వచ్చిండు. ఛాతీ గీరుకపోయి ఎర్రగైంది. మొకం కడిగినట్టున్నది. మోకు తీసి మల్లేశం భుజం మీద ఏసిండు. ‘పైన మట్టలు కొట్టలే, జర సూసుకోరా’ అన్నడు. నా దిక్కు తిరిగి, ‘ఎక్కలే అని రాసుకో సారూ. ఫొటో ఏడ దిగాలె?’ అన్నడు.

జీపు దగ్గర సాయమ్మను పక్కకు పిలిచి మెల్లగ అడిగిన, ఏడిదాక పోయిండమ్మా అని.

‘మీరు మళ్లినకాడి నుంచి జానెడు గూడ పోలే సారూ’ అన్నది. ‘చెట్టును కావలిచ్చుకొని ఏడ్సిండు. ముప్పయ్యేండ్ల కాపురంల ఆయన ఏడ్వంగ నేను సూసుడు గదే మొదలు. అది మీరు చూడొద్దని మళ్లమన్న.’

సోమయ్యకు నౌకర్‌నామా నేనే రాసిచ్చిన. తర్వాత నన్ను కోదాడకు బదిలీ చేసిండ్రు. ఆంధ్ర పక్కనే గనక ఆడ జనం ‘అండీ అండీ’ అంటరు, పని మాత్రం గదే. అటెన్క సారా బందైంది, ఆపై మందు బందైంది. దుకాణాలోళ్లు, బార్లోళ్లు, పోసెటోళ్లు కాగితాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి పోయిండ్రు. సంతకం చేసి అప్పజెప్పే ఆ గడియల ఒక్కొక్కని చెయ్యి ఆగేది. తొందర చెయ్యి అని నేను అరిసెటోన్ని అంతకుముందు. సోమయ్య తర్వాత అరవలే. రిటైరైన దినం నా బెల్టు, టోపీ అప్పజెప్పంగ నా చెయ్యి కూడ ఆగింది. ఎదురుంగ కొత్తగ వచ్చిన చిన్న ఆఫీసరు నన్నే గుడ్లప్పగించి చూస్తున్నడు.

‘బాబూ’ అన్న, ‘జర అటు మళ్లు.’