మంచి చీర రెండోది

చార్మినార్ దగ్గరి హుస్సేనీ ఆలంలో రామలింగం సేటు నోటికి తాళం వేయడం ఎవరి వల్లా కాదు. జీవితమంతా చీరల దుకాణంలో గద్దె మీద కూర్చుని మాట్లాడినవాడు, కొడుకు శ్రవణ్‌కు దుకాణం అప్పగించాక ఇంట్లో గోడలతో మాట్లాడలేక గల్లీ సంఘం హాలుకు వచ్చి పడ్డాడు. గల్లీలోని ముసలివాళ్లం మధ్యాహ్నం అన్నాలు తిని అక్కడ చేరేవాళ్లం. పేకాటకు కమిటీ ఒప్పుకోదు. టీవీ పెడితే ఏ చానల్ చూడాలని లొల్లి. చివరికి రామలింగమే ఒక ఆట మొదలుపెట్టాడు.

ఆట సులువే. గుండ్రంగా కూర్చున్నవాళ్లలో ఒక్కొక్కరినీ వంతు ప్రకారం ఒక ప్రశ్న అడుగుతాడు. జవాబులు రెండూ ఆయనే ఇస్తాడు, మనం ఒకటి ఎంచుకోవాలి. "ముందుగాల కట్టింది చార్మినారా, పురానాపూలా?" అంటాడు. "మూసీ పుట్టింది నల్లమలలనా, అనంతగిరి గుట్టలల్లనా?" అంటాడు. సరిగ్గా చెబితే "సహీ" అని చప్పట్లు కొట్టిస్తాడు. తప్పితే ఆ పూటంతా ఆట పట్టిస్తాడు. టీచరుగా రిటైరైన సావిత్రి కూడా తప్పేది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కువ ఆలోచించిన కొద్దీ ఎక్కువ తప్పులు.

ఎప్పుడూ తప్పనిది రామలింగం భార్య వరమ్మ ఒక్కతే. పెద్దగా చదువుకున్న మనిషి కాదు. పెళ్లిళ్ల కాలంలో, పండుగలకు దుకాణంలో మొగుడి పక్కన కూర్చుని, విప్పిన చీరలు మడతపెట్టేది. హాల్లో ఆమె వంతు వచ్చిందంటే తడబాటు లేదు, తల గోక్కోవడం లేదు. ప్రశ్న ముగియగానే జవాబు.

"సేటు ఇంట్లనే చెప్పిచ్చి తోల్కొస్తున్నడు" అని మాతో ఆడే ఆండాలు కుళ్లుకునేది. ఆండాలుకు ఎవరు గెలిచినా కడుపుమంటే. నిజానికి అలాంటిదేమీ లేదు. రామలింగం ప్రశ్నలన్నీ అక్కడికక్కడ నోటికొచ్చినట్టు అల్లేవాడు.

ఇంట్లో మాత్రం సంగతి వేరుగా ఉంది. వరమ్మ దేవుడి దీపంలో నూనెకు బదులు పాలు పోసింది. కూరగాయలకని బయల్దేరి పురానాపూల్ దాకా నడిచి, తిరిగొచ్చే దారి తెలియక వంతెన పక్కన కూర్చుంది. గల్లీకి పాలు పోసే బాలరాజ్ చూసి, బండి మీద ఎక్కించుకుని ఇంటి ముందు దింపాడు. ఎండాకాలం నుంచి కోడలు ఆశ్రిత మామకు చెబుతూనే ఉంది.

"మామయ్యా, అత్తమ్మను ఒకపారి డాక్టరుకు చూపెడ్దాం. ఆమె మంచిగ లేదు."

"ఏందమ్మా మంచిగ లేనిది? నిన్న హాల్ల అడిగినయన్ని సహీ చెప్పింది. మతి తప్పినోళ్లు గట్ల చెప్తరా? నువ్వు ఫికర్ చెయ్యకు."

శ్రవణ్ కూడా తండ్రి మాటే పట్టుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది ఆ పిల్ల పని. అత్త గురించి కోడలు నిజం చెప్పినా అది చాడీ కిందే లెక్క మన ఇళ్లలో. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వానాకాలం అలాగే గడిచింది, దసరా గడిచింది. వరమ్మ రోజూ హాలుకు వస్తూనే ఉంది, చప్పట్లు కొట్టించుకుంటూనే ఉంది.

చలి మొదలయ్యాక రామలింగానికి గొంతు పట్టేసింది. మఫ్లరు చుట్టుకుని వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ప్రశ్నలు అడిగే పని సావిత్రి తీసుకుంది.

వరమ్మ వంతు వచ్చింది. ఎప్పుడూ గెలిచే మనిషి కదా, ఒక సులువైనదే అడిగి ముందుకు పోదామనుకుంది సావిత్రి.

"పానకం పంచేది శ్రీరామనవమికా, వినాయక చవితికా?"

"వినాయక చవితికి."

అందరం నవ్వాం. పరధ్యానంలో అన్నదనుకున్నాం. సావిత్రి ఇంకొకటి అడిగింది.

"బతుకమ్మను పేర్చేది పూలతోనా, పండ్లతోనా?"

"పండ్లతోని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ఆడమనిషి అనే మాటేనా అది? వరమ్మ ముఖంలో మాత్రం ఏ అనుమానమూ లేదు. మొగుడి వైపు తిరిగి, ఆయన 'సహీ' అంటాడని చూస్తోంది.

రామలింగం లేచి వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. గొంతు గీరుకుపోతుంటే అడిగాడు.

"వరా, బతుకమ్మను పండ్లతోని పేరుస్తమా, పూలతోనా?"

"పూలతోని."

ఆండాలు చప్పట్లు కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. మళ్లీ అడిగాడు.

"మన కొడుకు శ్రవణా, బాలరాజా?"

"బాలరాజ్."

"బాలరాజా, శ్రవణా?"

"శ్రవణ్."

చీరల వ్యాపారంలో రామలింగానిది ఒకటే పద్ధతి. కొనడానికి వచ్చినవాళ్లకు ముందు మామూలు చీర విప్పేవాడు. వాళ్లు పెదవి విరిచాక, మంచి చీర తీసి దాని మీద పరిచేవాడు. మంచిది ముందే చూపిస్తే కంటికి ఆనదనేవాడు. అన్నేళ్ల అలవాటు చేతిలోంచి నోట్లోకి వచ్చేసింది. ప్రశ్నల్లో కూడా పనికిరానిది ముందు, అసలుది వెనక. ఆ సంగతి ఆయనకే తెలియదు, మేమెవరమూ పట్టించుకోలేదు. పక్కన కూర్చుని మడతలు పెట్టిన వరమ్మకు మాత్రం తెలుసు. పేర్లు, దారులు, పండుగలు అన్నీ ఒక్కొక్కటే జారిపోతున్నా, ఆయన రెండోసారి తీసేదే మంచిదన్న నమ్మకం ఒక్కటి ఆమెలో మిగిలింది. నాకు దుఃఖం ఆగలేదు. పక్కకు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాను.

"నేనే మంచిగున్నదనుకున్న" అన్నాడు రామలింగం. ఎవరితో అన్నాడో తెలియదు. భార్యను లేవదీసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు. మర్నాడు హాలుకు ఇద్దరూ రాలేదు.

ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లారట. అక్కడ జరిగింది తర్వాత ఆశ్రిత చెప్పింది. వరమ్మ తలకు స్కానింగ్ తీశారు. ఇది తగ్గే జబ్బు కాదని, మొదట్లోనే తీసుకొచ్చి ఉంటే మందులతో కొంత కాలమైనా నెమ్మదించేదని డాక్టరు అన్నాడు. వింటున్నంతసేపూ రామలింగం తల వంచుకునే ఉన్నాడట.

డాక్టరు వరమ్మను ఏదో అడగబోతుంటే రామలింగం అడ్డుపడ్డాడు.

"రెండు మాటలు చెప్పి అడిగితే రెండోదే అంటది, డాక్టర్ సాబ్. గా అలవాటు నేనే చేసిన."

డాక్టరు ఆయన వంక ఒకసారి చూసి, వరమ్మ వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"అమ్మా, ఇప్పుడు పగలా, రాత్రా?"

"రాత్రి." కిటికీలోంచి ఎండ ఆమె ఒళ్లోనే పడుతోంది.

"రాత్రా, పగలా?"

"పగలు."

డాక్టరు రామలింగాన్ని చూపించాడు.

"ఈయన మీ అన్నా, మీ భర్తా?"

"భర్త" అంది వరమ్మ, వెంటనే. ఆశ్రితకు ప్రాణం లేచివచ్చింది. డాక్టరు తలూపి, అదే ప్రశ్నను తిప్పి అడగడానికి నోరు తెరిచాడు. రామలింగం లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"గదొక్కటి తిప్పి అడగకున్రి, డాక్టర్ సాబ్."