నాలుగో గేటు

ఆ మంగళవారం పొద్దున మా బిల్డింగ్ గ్రూపులో రెండు మెసేజ్‌లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. బేస్‌మెంట్‌లో నీళ్ల పైపు పగిలింది, కార్లు తీయండి అని మొదటిది. మూడో అంతస్తులో ఉండే సర్వేయర్ గారు గుండెపోటుతో పోయారు అని రెండోది. నేను మొదటిదే చూసి, తాళాలు తీసుకుని కిందికి వెళ్లి, కారు బయట పెట్టి వచ్చాను. రెండోది లిఫ్ట్‌లో చదివాను. మూడు నొక్కాలో, మా అయిదు నొక్కాలో తెలియక అలాగే నిలబడిపోయాను. తలుపులు రెండుసార్లు మూసుకుని తెరుచుకున్నాయి.

ఆయన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని. చుట్టరికం లేదు. మాది కాకినాడ, వాళ్లది జగిత్యాల దగ్గర ఓ పల్లె. గల్ఫ్‌కొచ్చి, అల్ సద్‌లో ఒకే లిఫ్ట్ ఎక్కి దిగడమే మా బంధుత్వం. రోడ్ల కంపెనీలో కొలతకర్ర పట్టుకుని ఎండలో నిలబడే హెల్పర్‌గా వచ్చి, చూసి చూసి పని నేర్చుకుని సర్వేయర్ అయ్యారు. మేముండేది దుబాయ్ కాకపోయినా, ఊళ్లో వాళ్లకి మాత్రం చివరిదాకా దుబాయ్ సర్వేయరే.

జీవితమంతా ఆరు లైన్ల రోడ్లు వేసిన మనిషికి ఇష్టమైనవి బండ్లు తిరగని దారులు. ఆయన పైన పనిచేసిన ఓ ఇంగ్లండ్ సర్వేయర్ దేశానికి తిరిగి వెళ్తూ సైకిల్ మ్యాపుల కట్ట ఒకటి ఇచ్చి వెళ్లాడట. పట్టాలు పీకేసి సైకిళ్లకు వదిలేసిన పాత రైలు దారులు, కాలవ గట్లు, ఎత్తయిన పచ్చని కంచెల మధ్య ఒక్క మనిషి పట్టే బాటలు. అన్నయ్య వాటిని "సప్పుడు లేని తొవ్వలు" అనేవారు. ఒక్కదాన్నీ చూసింది లేదు. ఒక దారిని ఎన్నుకుని, పెద్ద కాగితం మీద కొలతల ప్రకారం మళ్లీ గీసుకున్నారు. నేనోసారి ఆ కాగితం చూసి నవ్వితే, నాకు సైకిలే రాదని బయటపడింది. నాకప్పుడు నలభై ఒకటి.

"నేనేసిన రోడ్ల మీద నిన్ను తొక్కిస్తే సచ్చిపోతవు. శుక్రవారం కిందికి రా చెల్లె," అన్నారు.

కింద అంటే బేస్‌మెంట్. సెలవురోజు పొద్దున్నే కార్లు పెద్దగా కదలవు, ఎండ లేదు. ఆయన స్తంభాల మీద చాక్‌పీస్‌తో ఆ దారినంతా రాసిపెట్టారు. తొమ్మిదో స్తంభం చర్చి. పద్నాలుగు కాలవ వంతెన. కార్లు దిగే వాలు గుట్ట. దారిలో నాలుగు గేట్లు, నాలుగు స్తంభాల దగ్గర. ప్రతి గేటు దగ్గరా దిగాలి, లేని గొళ్లెం తీయాలి, సైకిల్ నడిపించుకుని అవతలికి వెళ్లాలి, వెనక్కి తిరిగి గేటు మూయాలి. మరిచిపోతే మళ్లీ మొదటినుంచి. ఇక్కడ సైకిల్ కుదరదని వాచ్‌మన్ "మాఫీ సైకిల్, సర్" అంటూ గొణిగేవాడు. అన్నయ్య "యల్లా, ఒక్క చక్కరే" అని, ఒక్క చుట్టే అన్నట్టు, ప్రతిసారీ అదే అబద్ధం చెప్పేవారు. రెండో అంతస్తు మలయాళీ ఆయన కారు తీస్తూ, తనకి కూడా గేటు తెరుస్తారా మేడమ్ అని ఎగతాళి చేసేవాడు.

లేని గేటు మూయడం ఎందుకని నేనూ విసుక్కున్నాను.

"గేటు మూసుడు మనకోసం కాదు చెల్లె. మనం పోయినంక గొర్లు బయటవడొద్దని," అన్నారు.

ఆయనకి ఇంకో పట్టింపు ఉండేది. హెల్పర్‌గా ఉన్నప్పుడు ఒకసారి నీడలో కూర్చుని, వెళ్లని చోటి కొలత ఉజ్జాయింపుగా రాసేశారట. ఆ ఇంగ్లండ్ ఆయన తిట్టలేదు. రెండు కిలోమీటర్లు వెనక్కి నడిపించి, ఆ చోట ఊరికే నిలబడమన్నాడట. "నిలవడని కాడ రీడింగ్ రాయొద్దు," అని అన్నయ్య ఎన్నిసార్లన్నారో. తన మ్యాపుల్లో కళ్లతో చూసింది పెన్నుతో, విన్నది పెన్సిల్‌తో రాసేవారు. ఇంగ్లండ్ దారి మొత్తం పెన్సిలే.

రెండేళ్ల కింద మా ఆఫీసు నన్ను ట్రెయినింగ్‌కి ఇంగ్లండ్ పంపింది. నడుమ ఒక శనివారం ఖాళీ. ఏ స్టేషన్‌లో దిగాలి, సైకిల్ ఎక్కడ అద్దెకిస్తారు, ఏ వంపు తర్వాత ఏ గేటు, అన్నీ ఒక కాగితం మీద రాసి నా చేతిలో పెట్టారు.

వెళ్లాను. సైకిల్ తీసుకున్నాను. మొదటి గేటు దాకా తొక్కాను కూడా. చెక్క గేటు, తడిసి నల్లబడి ఉంది. అవతల దారి కంచెల మధ్య సన్నగా వంపు తిరిగింది, ఆ తర్వాత ఏముందో కనిపించలేదు. మనిషి లేడు. బండి లేదు. ఇక్కడ ఏసీ హోరు లేకుండా ఒక్క క్షణం గడవని నాకు, చెవుల్లో ఏమీ లేకపోవడం అంటే ఏమిటో అక్కడే తెలిసింది. ఎవరూ లేని ఆ చోట నాకేమన్నా అయితే? గేటు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాను. తెరవలేదు. వెనక్కి వచ్చి సైకిల్ షాపు పక్కన టీ కొట్లో మూడు గంటలు కూర్చుని స్టేషన్‌కి వెళ్లిపోయాను.

తిరిగొచ్చాక వాళ్లింట్లో వదిన చాయ్ ఇచ్చింది. అన్నయ్య మ్యాపు నేలమీద పరిచారు. నేను మొత్తం తొక్కానన్నాను. చర్చి చెప్పాను, వంతెన చెప్పాను. బేస్‌మెంట్‌లో నేర్చుకున్న పాఠమే తిరిగి అప్పజెప్పాను.

"నాలుగో గేటు గొళ్లెం లేపేదా, గుంజేదా? మ్యాపుల లేదు."

"లేపేదే అన్నయ్యా."

"మూసినవా?"

"మూశాను."

నా ముఖంలోకి కాసేపు చూశారు. చూశారనే నాకు గుర్తు. తర్వాత మ్యాపు మడిచేశారు.

మరుసటి ఏడు ఆయనా వదినా ఆ దారికే వెళ్లాల్సింది. సెలవు కూడా అడిగారు. తర్వాత ఎందుకో మానుకుని ఊరికి వెళ్లొచ్చారు. నేను కారణం అడగలేదు. అడగాలంటే ఆ శనివారం మాట మళ్లీ వస్తుంది.

ఆయన్ని ఊరికి తీసుకెళ్లి, కార్యాలన్నీ అయ్యాక, వదిన ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతూ, సైకిలూ ఆ మ్యాపూ నన్ను తీసుకోమంది. కిటికీ దగ్గర విప్పి చూశాను. అంతా పెన్సిలే. నాలుగో గేటు దగ్గర మాత్రం నీలం ఇంకుతో రెండు ముక్కలు: గొళ్లెం లేపేది. మూసింది. నేను నిజంగా నిలబడ్డ మొదటి గేటు ఇంకా పెన్సిల్‌లోనే ఉంది.

అక్కడే, పెట్టెల మధ్య కూర్చుని, వదినకి అంతా చెప్పేశాను. ఆమె ఒక గిన్నెకి కాగితం చుట్టడం పూర్తిచేసింది.

"చెల్లె చూసొచ్చింది గదా, మనం పోయినట్టే అన్నడు మీ అన్న. అందుకే పోవుడు బంద్ వెట్టిండనుకున్న. గదే నెలల డాక్టర్ సుత గుండె మంచిగ లేదన్నడు. రెండిట్ల ఏదో, నేను అడగలే."

"ఆయనకి తెలుసంటావా వదినా?"

"ఏమో చెల్లె. అబద్ధమాడేటోళ్ల మొఖం జల్ది గుర్తువట్టేటోడు. గాని ఆ దినం నీ మొఖం దిక్కు చూడనే లేదు. మ్యాపు దిక్కే చూసిండు."

అప్పటినుంచీ ఈ రెండు జ్ఞాపకాల్లో ఏది నిజమో తేల్చుకోలేకుండా ఉన్నాను. చూశారా, చూడలేదా? నమ్మి ఇంకుతో రాశారా? తెలిసీ, నా పరువు నిలబెట్టడానికి రాశారా? ఆయన వెళ్లకుండా ఆగింది నా మాట వల్లా, గుండె వల్లా? నమ్మారనుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. తెలుసనుకుంటే ఇంకా ఎక్కువ వేస్తుంది. ఒకటి మాత్రం ఖాయం. ఆ రెండు కిలోమీటర్ల నడక తర్వాత ఆ మనిషి జీవితంలో నిలబడని చోటి రీడింగ్ ఇంకుతో ఒక్కటే రాశారు, అది నాది.

వదిన వెళ్లాక వచ్చిన శుక్రవారం పొద్దున ఆయన సైకిల్ తీసుకుని బేస్‌మెంట్‌కి దిగాను. పైపు నీళ్లకీ, ఆ తర్వాత కడిగిన నీళ్లకీ చర్చి పోయింది, వంతెన పోయింది. ఇరవై ఆరో స్తంభం మీద మాత్రం చాక్‌పీస్ గీత సగం మిగిలింది. నాలుగో గేటు. దిగాను. చెయ్యి చాపాను. లేపాలా, గుంజాలా? చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

వెనక వాలు మీంచి ఒక కారు దిగింది. రెండో అంతస్తు మలయాళీ ఆయనదే. హారన్ కొట్టలేదు. నా వెనక కొంచెం దూరంలో ఆగి, లైట్లు తగ్గించుకుని, నేను గేటు తెరిచేదాకా అక్కడే ఉన్నాడు.